మారుమూల వ్యవసాయ సంస్థలకు ఇంటర్నెట్ అనుసంధానం: ఎంపికలో పాటించవలసిన క్రమం

సారాంశం

మారుమూల ప్రాంతాలలోని రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, ప్రాథమిక శుద్ధి యూనిట్లు, పాల శీతలీకరణ కేంద్రాలు నేడు చెల్లింపులు, తూకపు లెక్కలు, నాణ్యత నమోదు, మార్కెట్ సమాచారం కోసం ఇంటర్నెట్‌పై ఆధారపడుతున్నాయి. అయితే అనుసంధానాన్ని ఎంచుకునేటప్పుడు ప్రకటనలో కనిపించే వేగం, నెలసరి అద్దె అనే రెండు అంశాలనే ఎక్కువగా పరిగణిస్తున్నారు. సంస్థ మనుగడకు కీలకమైన పనులు సాధారణంగా అతి తక్కువ డేటాతో నడుస్తాయనీ, వాటికి కావలసినది నిలకడ అనీ ఈ వ్యాసం వివరిస్తుంది. అవసరాల లెక్క, ప్రత్యక్ష సర్వే, మాధ్యమాల పోలిక, ప్రత్యామ్నాయ మార్గం, విద్యుత్ ఏర్పాటు అనే క్రమంలో నిర్ణయం తీసుకొనే విధానాన్ని అల్లూరి సీతారామరాజు జిల్లా కాఫీ ప్రాంతానికి అన్వయించి చూపుతుంది.

పరిచయం

2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకంలో మైదాన ప్రాంతాలకు కనీసం 300 మంది, కొండ ప్రాంతాలకు కనీసం 100 మంది సభ్యులు ఉండాలని నిర్దేశించారు. ఈ సడలింపు వలన రహదారి, విద్యుత్తు, సమాచార సౌకర్యాలు అంతంతమాత్రంగా ఉన్న కొండ గ్రామాలలో కూడా సంస్థలు ఏర్పడే వీలు కలిగింది. సంస్థ ఏర్పడిన తరువాత బ్యాంకు చెల్లింపులు, వస్తుసేవల పన్ను పత్రాలు, కొనుగోలుదారులతో సంప్రదింపులు, ఈ-నామ్ వంటి వేదికలలో ధరల పరిశీలన అన్నీ ఇంటర్నెట్ ద్వారానే జరగవలసి ఉంటుంది.

కాఫీ ఇందుకు తగిన ఉదాహరణ. పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాలలో కాఫీ పండ్ల కోత ప్రధానంగా నవంబరు నుండి జనవరి వరకు సాగుతుంది. కోసిన పండ్లను అదే రోజు పల్పింగ్ చేయకపోతే అవి పులిసి, గింజ నాణ్యత దెబ్బతింటుంది. అందువలన తూకం, గ్రేడింగ్, కొనుగోలు ఒకే సాయంత్రం పూర్తికావాలి. డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందన్నది గిరిజన రైతుకు ధరతో సమానమైన అంశం. సంఘం వద్ద చెల్లింపు రెండు మూడు రోజులు ఆలస్యమైతే, తక్కువ ధరకైనా వెంటనే నగదు ఇచ్చే వ్యాపారికి సంతలో అమ్మడానికే రైతు మొగ్గుచూపుతాడు. అంటే ఇంటర్నెట్ అంతరాయం కార్యాలయపు అసౌకర్యంతో ఆగదు. అది సభ్యుల నమ్మకాన్ని, సంస్థకు వచ్చే సరుకును తగ్గిస్తుంది.

అవసరాల అంచనా

ఎంపికలో తొలి మెట్టు సంస్థ చేసే పనులను విడివిడిగా రాసి, ప్రతి పనికి మూడు ప్రశ్నలు వేయడం. ఆ పనికి రోజుకు ఎంత డేటా కావాలి? అది ఎంతసేపు ఆగినా ఇబ్బంది లేదు? ఆగితే కలిగే నష్టం ఎంత? ఈ మూడింటిలో మొదటి ప్రశ్నకు సమాధానం పెద్దదైనంత మాత్రాన మిగిలిన రెండూ పెద్దవి కానక్కరలేదు.

సుమారు 200 మంది సభ్యులు, ఒక పల్పింగ్ యూనిట్, ఒక వాతావరణ కేంద్రం, పది నేల తేమ సెన్సార్లు, రెండు నిఘా కెమెరాలు ఉన్న నమూనా సంస్థను ఊహించి వేసిన లెక్క పట్టిక 1లో ఉంది.

పట్టిక 1: నమూనా సంస్థ రోజువారీ డేటా అవసరం

| పని | లెక్క | రోజుకు డేటా | ఎంతసేపు ఆగవచ్చు |
|---|---|---|---|
| సభ్యులకు చెల్లింపులు | 60 చెల్లింపులు, ఒక్కొక్కటి 50 కిలోబైట్లు | 3 మెగాబైట్లు | కొన్ని గంటలు మాత్రమే |
| వాతావరణ కేంద్రం, సెన్సార్లు | 11 పరికరాలు, 15 నిమిషాలకు ఒక నమోదు, 100 బైట్లు | సుమారు 0.1 మెగాబైటు | ఒక రోజు |
| నాణ్యత, పంట ఫొటోలు | 100 ఫొటోలు, ఒక్కొక్కటి 4 మెగాబైట్లు | 400 మెగాబైట్లు | రెండు మూడు రోజులు |
| వీడియో సమావేశం | 1 గంట, సెకనుకు 1.5 మెగాబిట్లు | 675 మెగాబైట్లు | వాయిదా వేయవచ్చు |
| నిఘా కెమెరాలు | 2 కెమెరాలు, సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నిరంతరం | 43.2 గిగాబైట్లు | స్థానికంగా నిల్వ చేయవచ్చు |

ఈ పట్టికను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. సంస్థకు అత్యంత కీలకమైన చెల్లింపులకు రోజుకు 3 మెగాబైట్లు చాలు. మొత్తం డేటాలో దాదాపు 97 శాతాన్ని వినియోగించే కెమెరాల దృశ్యాలను బయటకు పంపకుండా యూనిట్‌లోనే రికార్డరులో నిల్వ చేసుకోవచ్చు. ఫొటోలను పంపే ముందు 300 కిలోబైట్లకు కుదిస్తే 400 మెగాబైట్లు 30 మెగాబైట్లకు తగ్గుతాయి. ఈ రెండు మార్పులతో 44 గిగాబైట్ల అవసరం ఒక గిగాబైటు లోపునకు చేరుతుంది. పెద్ద ప్యాకేజీ కొనుగోలుకు ముందే పని విధానాన్ని సరిచేయడం వలన కలిగే ఆదా ఇది.

వేగం విషయంలో అప్‌లోడ్‌ను ప్రత్యేకంగా పరిశీలించాలి. గృహ వినియోగదారులు ఎక్కువగా డేటాను దిగుమతి చేసుకుంటారు. వ్యవసాయ సంస్థ ఫొటోలు, నమోదులు, పత్రాలను బయటకు పంపుతుంది. భారత ప్రభుత్వం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని సవరించి కనీస డౌన్‌లోడ్ వేగాన్ని సెకనుకు 2 మెగాబిట్లుగా నిర్ణయించింది. పై నమూనా సంస్థ కీలకమైన పనులన్నీ, కెమెరాలు మినహాయిస్తే, ఇటువంటి నిరాడంబరమైన వేగంతోనే సాగిపోతాయి.

లభ్యత లెక్క

అనుసంధానం నెలలో ఎంత శాతం కాలం పనిచేస్తుందో దానిని లభ్యత అంటారు. 30 రోజుల నెలలో 720 గంటలు ఉంటాయి. 99 శాతం లభ్యత అంటే నెలకు 7.2 గంటల అంతరాయం. 95 శాతం అంటే 36 గంటలు. కాగితంపై 99కీ 95కీ తేడా చిన్నదిగా కనిపించినా, కోత కాలంలో ఆ 36 గంటలు వరుసగా వచ్చిపడితే రెండు రోజుల కొనుగోలు చిక్కులో పడుతుంది.

95 శాతం లభ్యత గల రెండు మార్గాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేస్తే, రెండూ ఒకేసారి ఆగే అవకాశం 0.05ను 0.05తో గుణించగా 0.0025, అంటే 0.25 శాతం. నెలకు 1.8 గంటలు మాత్రమే. ఒక మార్గాన్ని 95 నుండి 99.75 శాతానికి మెరుగుపరచడం మారుమూల గ్రామంలో దాదాపు అసాధ్యం. రెండు సాధారణ మార్గాలను కలిపి ఆ ఫలితాన్ని సాధించడం మాత్రం సాధ్యమే.

అయితే ఈ లెక్కకు ఒక షరతు ఉంది. రెండు మార్గాలు నిజంగా స్వతంత్రమైనవి కావాలి. వేర్వేరు కంపెనీల రెండు సిమ్ కార్డులు తీసుకున్నంత మాత్రాన స్వాతంత్ర్యం రాదు. రెండు కంపెనీల పరికరాలు ఒకే టవర్‌పై, ఒకే బ్యాటరీ వ్యవస్థపై నడుస్తూ ఉండవచ్చు. టవర్లు వేరైనా వాటికి డేటా తెచ్చే ఫైబర్ ఒకే ఘాట్ రోడ్డు వెంట వస్తూ ఉండవచ్చు. కొండచరియ విరిగిపడినా, రోడ్డు వెడల్పు పనులలో యంత్రం తగిలినా రెండూ ఒకేసారి తెగుతాయి.

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఈ విషయాన్ని తీవ్రంగా చాటింది. విద్యుత్తు, టెలిఫోను సేవలు ఒకేసారి స్తంభించాయి. పాడేరు, అరకు ప్రాంతాలలో కాఫీ తోటల నీడచెట్లు కూలాయి. చెట్టు, స్తంభం, తీగ ఒకదానిపై ఒకటి పడే ప్రాంతంలో ఒకే స్తంభంపై ఆధారపడిన రెండు సేవలను రెండుగా లెక్కించరాదు.

అందుబాటులో ఉన్న మాధ్యమాలు

ఆప్టికల్ ఫైబర్

వేగం, డేటా ధర, వర్షంలో నిలకడ అనే మూడు విషయాలలోనూ ఫైబర్ మేలైనది. గృహాలకు, సంస్థలకు సేవ అందించే సాధారణ ఫైబర్ వ్యవస్థలో మధ్యలో విద్యుత్ పరికరం లేకుండా సుమారు 20 కిలోమీటర్ల వరకు కాంతి సంకేతం చేరగలదు. గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చే జాతీయ కార్యక్రమం 2011లో ఆమోదం పొంది, తరువాత భారత్‌నెట్‌గా పేరు మార్చుకుంది. 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన కార్యక్రమం వలయాకార నిర్మాణానికి ప్రాధాన్యమిస్తోంది. వలయంలో ఒకచోట తీగ తెగినా రెండవ వైపు నుండి డేటా ప్రవహిస్తుంది. అందువలన పంచాయతీ వరకు వచ్చిన ఫైబర్ వలయంలో భాగమా, లేక ఒంటరి కొమ్మా అన్నది తప్పక అడగవలసిన ప్రశ్న.

ఫైబర్ వేసిన తీరు కూడా లభ్యతను నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా తీగను తీసుకువెళ్లి తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో విస్తరించింది. తెలంగాణలోని టీ-ఫైబర్ మిషన్ భగీరథ పైపులైన్ల కందకాలను వినియోగించుకుంది. స్తంభాలపై తీగ గాలివానకు, చెట్టు కొమ్మలకు గురవుతుంది. కానీ తెగినచోటు కంటికి కనిపిస్తుంది కనుక అతుకు వేయడం తేలిక. భూగర్భ తీగకు గాలివాన భయం తక్కువ. తవ్వకాలలో తెగితే చోటు కనుగొనడానికి పరికరం, సమయం కావాలి. ఏ పద్ధతైనా ఫైబర్ అతికే యంత్రం, సిబ్బంది ఎంత దూరంలో ఉన్నారన్నదే మరమ్మతు కాలాన్ని తేలుస్తుంది.

మొబైల్ నెట్‌వర్క్

మొబైల్ సేవలు అందని 24,680 గ్రామాలకు 4జీ చేర్చే ప్రాజెక్టుకు 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. అందువలన ఇదివరకు సిగ్నల్ లేదని వదిలివేసిన గ్రామాలను తిరిగి పరిశీలించడం అవసరం.

ఫోనులో కనిపించే గీతల సంఖ్య ఆధారంగా నిర్ణయం తీసుకోరాదు. ఫోను సెట్టింగులలో గాని, ఉచిత యాప్‌ల ద్వారా గాని సిగ్నల్ బలాన్ని డెసిబెల్-మిల్లీవాట్లలో చూడవచ్చు. 4జీలో ఈ విలువ మైనస్ 90 కంటే మెరుగ్గా ఉంటే సేవ బాగుంటుంది. మైనస్ 100 దాటి బలహీనపడితే గోడ బయట యాంటెన్నా అవసరమవుతుంది. మైనస్ 110 కంటే తగ్గిన చోట చెల్లింపుల వంటి పనులకు దానిని నమ్ముకోలేము. బలంతో పాటు సిగ్నల్‌కూ రొదకూ గల నిష్పత్తిని కూడా నమోదు చేయాలి. సిగ్నల్ బలంగా ఉన్నా రొద ఎక్కువైతే వేగం రాదు.

700, 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యాలు కొండల చాటుకు, చెట్ల నడుమకు 2300 మెగాహెర్ట్జ్ కంటే మెరుగ్గా చేరతాయి. ఉదాహరణకు బీఎస్ఎన్ఎల్ 4జీ సేవకు 700, 2100 మెగాహెర్ట్జ్‌లను వినియోగిస్తోంది. చవకగా దొరికే కొన్ని పాత రూటర్లు 700 మెగాహెర్ట్జ్‌ను అందుకోలేవు. రూటర్ కొనేముందు ఆ గ్రామంలో అందే పౌనఃపున్యాన్ని, రూటర్ అందుకోగల పౌనఃపున్యాలతో సరిచూడాలి.

బలహీన సిగ్నల్‌కు విరుగుడుగా మార్కెట్లో బూస్టర్లు అమ్ముతుంటారు. అనుమతి లేని బూస్టర్ వాడటం చట్టవిరుద్ధం. పైగా అది చుట్టుపక్కల వారి సేవను కూడా చెడగొడుతుంది. రూటర్‌కు బయటి యాంటెన్నా అమర్చి టవర్ దిశకు తిప్పడం సరైన మార్గం.

రేడియో లింకు

పంచాయతీ కార్యాలయం వద్ద ఫైబర్ ఉండి, యూనిట్ మూడు నుండి పది కిలోమీటర్ల దూరంలో లోయకు అవతల ఉన్నప్పుడు రెండు డిష్ యాంటెన్నాలతో రేడియో లింకు ఏర్పరచవచ్చు. 5 గిగాహెర్ట్జ్ శ్రేణిలోని పలు పౌనఃపున్యాలను భారత ప్రభుత్వం 2018లో లైసెన్సు అవసరం లేనివిగా ప్రకటించింది. శక్తి పరిమితులకు లోబడి, ఆమోదం పొందిన పరికరాలను వాడుకోవచ్చు. తమిళనాడులోని తేని ప్రాంతంలో అరవింద్ కంటి ఆసుపత్రి దూరపు వై-ఫై లింకుల ద్వారా గ్రామీణ కేంద్రాలలోని రోగులను వైద్యులతో మాట్లాడించింది. పశ్చిమ గోదావరి జిల్లాలో అశ్విని ప్రాజెక్టు ఇదే పద్ధతిలో గ్రామాలను కలిపింది. కనుక ఇది పరీక్షకు నిలిచిన విధానమే.

రేడియో లింకుకు రెండు కొనల మధ్య సూటి చూపు కావాలి. సన్నని గీత వెంట చూపు సాగితే చాలదు. ఆ గీత చుట్టూ ఫ్రెనెల్ మండలం అనే కోలాకారపు ఖాళీ కూడా ఉండాలి. దీని మధ్యభాగపు వ్యాసార్ధం, మీటర్లలో, దూరాన్ని కిలోమీటర్లలో తీసుకొని పౌనఃపున్యపు గిగాహెర్ట్జ్‌లతో భాగించి, వర్గమూలాన్ని 8.66తో గుణిస్తే వస్తుంది. 5.8 గిగాహెర్ట్జ్ వద్ద 5 కిలోమీటర్ల లింకుకు ఇది సుమారు 8 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే దాదాపు 4.8 మీటర్లు, అడ్డంకి లేకుండా ఉండాలి.

కాఫీ ప్రాంతంలో ఇక్కడే ఒక చిక్కు ఉంది. కాఫీకి నీడగా పెంచే సిల్వర్ ఓక్ ఏటా ఎత్తు పెరుగుతుంది. నాటిన కొత్తలో చేసిన సర్వేలో స్పష్టంగా ఉన్న చూపు కొన్నేళ్లకు ఆకులతో మూసుకుపోతుంది. తడిసిన ఆకులు సంకేతాన్ని మరింతగా పీల్చుకుంటాయి. అందువలన స్తంభం ఎత్తును ఈనాటి చెట్ల ఎత్తుకు కాక, పూర్తిగా ఎదిగిన చెట్ల ఎత్తుకు లెక్కించాలి. స్తంభానికి పిడుగు రక్షణ, మంచి ఎర్తింగ్ తప్పనిసరి.

ఉపగ్రహ సేవ

భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర ఉపగ్రహం ద్వారా సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి సుమారు 0.24 సెకను పడుతుంది. అడిగిన దానికి జవాబు రావడానికి దాదాపు అర సెకను. సంభాషణలో ఈ జాప్యం చికాకు కలిగిస్తుంది. బ్యాంకు చెల్లింపుకు, పత్రాల సమర్పణకు, సెన్సార్ల నమోదుకు ఇది అడ్డంకి కాదు. 2018 డిసెంబరులో ప్రయోగించిన జీశాట్-11, 2024 నవంబరులో ప్రయోగించిన జీశాట్-ఎన్2 వంటి అధిక సామర్థ్య ఉపగ్రహాలు మన దేశంలో ఈ సేవకు తోడ్పడుతున్నాయి. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే దిగువ కక్ష్య ఉపగ్రహాలలో జాప్యం మిల్లీసెకన్ల పదులలోనే ఉంటుంది. వాటికి ఆకాశం విశాలంగా కనిపించాలి. లోతైన లోయలో, దట్టమైన చెట్ల నడుమ సేవ తరచుగా తెగుతుంది.

కేయూ, కేఏ పౌనఃపున్యాలు భారీ వర్షంలో క్షీణిస్తాయి. ఈ ప్రభావం కేఏలో ఎక్కువ. కాఫీ కోత వర్షాకాలం ముగిశాక జరుగుతుంది కనుక కాఫీ సంస్థకు ఇది పెద్ద లోపం కాదు. జూలై, ఆగస్టులలో కీలకమైన పని ఉన్న సంస్థ మాత్రం దీనిని లెక్కలోకి తీసుకోవాలి. దేశంలో అనుమతి పొందిన సేవాసంస్థ నుండి మాత్రమే పరికరం తీసుకోవాలి. విదేశాల నుండి తెచ్చిన టెర్మినల్‌ను అనుమతి లేకుండా వాడరాదు.

ఉపగ్రహ సేవలో ఒక్కో గిగాబైటు ఖర్చు ఎక్కువ. అయినా దానికి ఒక విశిష్టత ఉంది. ఘాట్ రోడ్డు, స్థానిక టవర్, విద్యుత్ స్తంభం ఈ మూడింటిలో దేనిపైనా అది ఆధారపడదు. రోజుకు 3 మెగాబైట్ల చెల్లింపుల కోసం అత్యల్ప ప్యాకేజీ తీసుకున్నా సరిపోతుంది. అందుకే ప్రధాన మార్గంగా ఖరీదైనదనిపించే ఉపగ్రహం ప్రత్యామ్నాయ మార్గంగా తరచుగా సరైన ఎంపిక అవుతుంది.

పొలంలోని సెన్సార్లకు

తోటలో చెదురుగా ఉన్న సెన్సార్లు ఒక్కొక్కదానికీ సిమ్ కార్డు పెట్టనవసరం లేదు. 865–868 మెగాహెర్ట్జ్ శ్రేణిలో లైసెన్సు లేకుండా పనిచేసే లోరా పరికరాలు కొద్దిపాటి డేటాను కిలోమీటర్ల దూరం పంపగలవు. చిన్న బ్యాటరీతో దీర్ఘకాలం నడుస్తాయి. యూనిట్ వద్ద ఒక గేట్‌వే వాటన్నింటి నమోదులను స్వీకరించి, ఇంటర్నెట్ ఉన్నప్పుడు పంపుతుంది. పాల శీతలీకరణ ట్యాంకులో ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు హెచ్చరిక ఇవ్వడానికి ఒక సాధారణ ఎస్ఎంఎస్ పరికరం కూడా చాలు.

ప్రత్యక్ష సర్వే

సేవాసంస్థ చూపే పటంపై ఆధారపడక, యూనిట్ ఉన్న స్థలంలోనే కొలతలు తీసుకోవాలి. అన్ని కంపెనీల సిమ్‌లతో వరుసగా ఏడు రోజులు, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిది గంటల సమయంలో సిగ్నల్ బలం, డౌన్‌లోడ్, అప్‌లోడ్, జాప్యం, పోయిన ప్యాకెట్ల శాతం నమోదు చేయాలి. రాత్రి వేళ గ్రామమంతా వీడియోలు చూసే సమయంలో టవర్‌పై భారం పెరుగుతుంది. చెల్లింపుల సమయం కూడా దాదాపు అదే. వీలైతే ఒక సంత రోజు, ఒక వర్షపు రోజు సర్వేలో ఉండాలి. కరెంటు పోయినప్పుడు టవర్ ఎన్ని గంటలు నిలుస్తుందో గ్రామస్థులను అడిగితే ఖచ్చితమైన సమాధానం దొరుకుతుంది.

ఈ సర్వే కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలకు, గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులకు అనువైన పని. ప్రత్యేక పరికరాలు అక్కరలేదు. రెండు ఫోన్లు, ఒక నోటు పుస్తకం చాలు.

విద్యుత్ ఏర్పాటు

గ్రామాలలో ఇంటర్నెట్ ఆగిందన్న ఫిర్యాదులలో చాలా వాటికి మూలం కరెంటు కోత. ఫైబర్ పరికరం లేదా రేడియో 10 వాట్లు, రూటర్ 10 వాట్లు అనుకుంటే మొత్తం 20 వాట్లు, రోజుకు 480 వాట్-అవర్లు. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు ఉంటాయి. బ్యాటరీ మన్నిక కోసం సగమే వాడితే 900 వాట్-అవర్లు, అంటే 45 గంటలు. రోజుకు 4 గంటల పూర్తి ఎండ, 70 శాతం సామర్థ్యం చొప్పున లెక్కిస్తే సుమారు 170 వాట్ల సోలార్ ప్యానెల్ కావాలి. 200 వాట్లది తీసుకోవడం మంచిది. రూటర్‌ను ఇన్వర్టర్ ద్వారా కాక, తగిన వోల్టేజీ నియంత్రణతో నేరుగా 12 వోల్టుల నుండి నడిపితే మార్పిడి నష్టం తగ్గుతుంది.

దిగువ కక్ష్య ఉపగ్రహ టెర్మినల్‌కు 75 వాట్లు అనుకుంటే రోజుకు 1,800 వాట్-అవర్లు కావాలి. అదే బ్యాటరీ 12 గంటలకే సగానికి దిగుతుంది. ప్రధాన మార్గం ఆగినప్పుడు మాత్రమే, సాయంత్రం మూడు గంటలు నడిపితే 225 వాట్-అవర్లు సరిపోతాయి.

పని విధానంలో మార్పులు

రెండు మార్గాలు, బ్యాటరీ ఉన్నా కొన్ని గంటలు పూర్తిగా ఇంటర్నెట్ లేని పరిస్థితి రావచ్చు. దానిని తట్టుకొనేలా పనిని అమర్చుకోవాలి.

1. తూకం, గ్రేడింగ్ నమోదు చేసే యాప్ ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసి, సిగ్నల్ వచ్చాక డేటాను పంపేదిగా ఉండాలి. ప్రతి తూకానికి మారని రసీదు సంఖ్య ఉంటే ఒకే నమోదు రెండుసార్లు చేరదు. రైతుకు ముద్రించిన రసీదు అక్కడికక్కడే ఇవ్వాలి.

2. చెల్లింపులను ఒక్కొక్కటిగా కాక, బ్యాంకు అనుమతించే మూకుమ్మడి ఫైలుగా ముందే సిద్ధం చేసుకోవాలి. సిగ్నల్ అందిన ఐదు నిమిషాలలో 60 మందికీ పంపవచ్చు. నెఫ్ట్ సేవ 2019 డిసెంబరు నుండి రోజంతా, సెలవు దినాలలో కూడా అందుబాటులో ఉంది.

3. చెల్లింపు మధ్యలో సిగ్నల్ పోతే వెంటనే మళ్లీ పంపరాదు. మొదటి చెల్లింపు స్థితిని సరిచూసుకున్న తరువాతే తిరిగి ప్రయత్నించాలి. బలహీన అనుసంధానంలో రెండుసార్లు చెల్లించే పొరపాటు ఇలాగే జరుగుతుంది.

4. ప్రధాన మార్గం ఆగినప్పుడు దానంతటదే రెండవ మార్గానికి మారే రూటర్ వాడాలి. రెండవ మార్గంలో కెమెరాలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, వీడియోలు సాగకుండా నిరోధించాలి. లేకపోతే 50 గిగాబైట్ల ప్యాకేజీని రెండు కెమెరాలే రోజున్నరలోపు ఖర్చు చేస్తాయి.

5. నెలకొకసారి ప్రధాన మార్గాన్ని కావాలనే ఆపి, రెండవ మార్గం పనిచేస్తున్నదీ లేనిదీ పరీక్షించాలి. రీఛార్జి గడువు ముగిసిన ప్రత్యామ్నాయం అవసరానికి అక్కరకు రాదు.

ఖర్చు, ఒప్పందం

నెలసరి అద్దెను మాత్రమే పోల్చక, స్తంభం, పరికరాలు, బ్యాటరీ మార్పిడి, మరమ్మతులతో కలిపి మూడేళ్ల మొత్తం ఖర్చును పోల్చాలి. దాని పక్కన అంతరాయపు నష్టాన్ని రాయాలి. ఉదాహరణకు రోజుకు 2,000 కిలోల పండ్లు కొనే యూనిట్‌లో చెల్లింపు ఆగిన రోజు 600 కిలోలు బయటి వ్యాపారికి మళ్లాయనీ, సంస్థకు కిలోకు 5 రూపాయలు మిగులుతాయనీ అనుకుంటే నష్టం 3,000 రూపాయలు. సీజన్‌లో ఎనిమిది రోజులు ఇలా జరిగితే 24,000 రూపాయలు. ప్రత్యామ్నాయ మార్గపు వార్షిక ఖర్చు ఇంతకంటే తక్కువైతే అది లాభదాయకమే. ప్రతి సంస్థ తన సొంత అంకెలతో ఈ లెక్క వేసుకోవాలి.

సేవాసంస్థతో ఒప్పందానికి ముందు కనీస హామీ వేగం, అప్‌లోడ్ వేగం, డేటా పరిమితి దాటాక వేగం, మరమ్మతు గడువు, మరమ్మతు సిబ్బంది ఉండే ఊరు అనే అంశాలను రాతపూర్వకంగా తీసుకోవాలి. మొబైల్ అనుసంధానాలలో ఒకే బహిరంగ చిరునామాను అనేకమంది పంచుకుంటారు. అందువలన బయటి నుండి యూనిట్ కెమెరాను నేరుగా చూడటం సాధారణంగా కుదరదు. అది అవసరమైతే స్థిర చిరునామా లేదా వీపీఎన్ ఏర్పాటు గురించి ముందే అడగాలి.

మిగిలిన సామర్థ్యాన్ని గ్రామస్థులకు అందించాలనుకునే సంస్థ, దానిని ఇష్టానుసారం అమ్మరాదు. 2020 డిసెంబరులో ఆమోదం పొందిన పీఎం-వాణి విధానం కింద లైసెన్సు లేకుండా పబ్లిక్ డేటా ఆఫీసుగా వై-ఫై సేవ అందించవచ్చు. సంస్థకు కొంత ఆదాయం, సభ్యుల కుటుంబాలకు సౌకర్యం రెండూ కలుగుతాయి.

నమూనా సంస్థకు తగిన నిర్ణయాలు

పంచాయతీ వద్ద ఫైబర్ పనిచేస్తూ, యూనిట్‌కు సూటి చూపు ఉంటే ఫైబర్, దాని చివర రేడియో లింకు ప్రధాన మార్గం కావచ్చు. వేరే ఫైబర్ దారిపై ఆధారపడిన టవర్ నుండి 4జీ దొరికితే అది ప్రత్యామ్నాయం. టవర్, పంచాయతీ ఫైబర్ ఒకే ఘాట్ రోడ్డుపై ఆధారపడితే ప్రత్యామ్నాయంగా చిన్న ఉపగ్రహ ప్యాకేజీ మేలు.

ఫైబర్ లేక, 4జీ మాత్రమే ఉన్నచోట బయటి యాంటెన్నాతో 4జీ ప్రధాన మార్గమవుతుంది. సీజన్ నెలలకు ఉపగ్రహ సేవను, లేదా వేరే టవర్‌కు చెందిన రెండవ సిమ్‌ను జోడించవచ్చు.

ఫైబర్, 4జీ రెండూ లేనిచోట ఉపగ్రహమే ప్రధానం. అక్కడ ప్రత్యామ్నాయం సాంకేతికమైనదే కానక్కరలేదు. సిద్ధం చేసిన చెల్లింపుల ఫైలును ఫోనులో పెట్టుకొని, సిగ్నల్ దొరికే సమీప గ్రామానికి బాధ్యుడైన ఉద్యోగి వెళ్లి పంపే ఏర్పాటు కూడా ప్రత్యామ్నాయమే. అయితే ఆ ఉద్యోగి ఎవరు, ఏ సమయానికి బయలుదేరాలి, ఫైలు భద్రత ఎలా అన్నవి ముందే రాసి ఉంచాలి.

ముగింపు

మారుమూల సంస్థకు ఇంటర్నెట్ ఎంపిక సాంకేతిక నిపుణుల పని మాత్రమే కాదు. ఏ పని ఆగితే రైతు నష్టపోతాడో తెలిసిన విస్తరణ శాస్త్రవేత్త ఆ ఎంపికకు మొదటి అడుగు వేయాలి. పనుల జాబితా, ఏడు రోజుల కొలతలు, రెండు మార్గాలు నిజంగా వేరువేరో కావో చెప్పే విచారణ, బ్యాటరీ లెక్క ఈ నాలుగు పత్రాలు చేతిలో ఉంటే సేవాసంస్థతో మాట్లాడటం సులభమవుతుంది. కాఫీ ప్రాంతంలో ఈ పనిని సెప్టెంబరు చివరికి పూర్తిచేస్తే పరికరాల అమరికకు అక్టోబరు మిగులుతుంది. నవంబరులో తొలి పండ్లు తూకానికి వచ్చే నాటికి చెల్లింపుల మార్గం రెండు వైపులా పరీక్షించి సిద్ధంగా ఉండాలి.